కల అని కొట్టిపారేయకు

అమ్మాయీ,

నీ కథ అందింది. మొదటి పేజీ బాగుంది. మూడో పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. వెంటిలేటర్ తీయగానే తండ్రి కళ్లు తెరిచి, కూతుర్ని పేరు పెట్టి పిలిచి, జరిగిందంతా వరసబెట్టి చెప్పేస్తాడా? అంతకుముందు అతనికి గోడమీద చీమలు బారులు తీరి కనిపించాయని ఎంత చక్కగా రాశావు! దాన్నేమో 'అదంతా పీడకల' అని ఒక్క వాక్యంతో తుడిచేశావు.

ఐసీయూలో పడి లేచినవాళ్లకు చాలాసార్లు జరిగినవి చెరిగిపోతాయి, జరగనివి మిగులుతాయి. జబ్బు తీవ్రత, మత్తుమందులు, నిద్రలేమి కలిసి డెలీరియం తెస్తాయి, అంటే మతి చెదిరి, లేనివి కనిపించే స్థితి. గొట్టం లాగేసుకోకుండా చేతులు కడితే ఎవరో బంధించారనుకుంటారు. నర్సు ఎక్కించే మందు విషమనుకుంటారు. అయినవాళ్లు వచ్చి చెయ్యి పట్టుకున్నది మాత్రం గుర్తుండదు.

మా అన్నయ్య అక్కడున్నన్నాళ్లూ పడవలో ఉన్నాననుకున్నాడు. పుండ్లు పడకుండా వేసే గాలిపరుపు ఒంటికింద ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది చూడు, అదే ఆ పడవ. ఇంటికొచ్చాక కూడా మంచం అంచు పట్టుకునే నిద్రపోయేవాడు. 'రోజూ వచ్చానండీ' అని వదిన ఏడిస్తే, 'ఒడ్డునే నిలబడ్డావు, ఎక్కలేదు' అనేవాడు. అది కథగా రాస్తే ఒక సంపాదకుడు 'పడవ నిజమో భ్రమో తేల్చండి' అని తిప్పి పంపాడు. ఇంకొకాయన చివర్లో ఆశ కావాలన్నాడు. ఆ కోపం నాకింకా పోలేదు. ఇలాంటివాళ్లు అడిగీ అడిగీ, స్పృహ రాగానే ఫ్లాష్‌బ్యాక్ చెప్పే రోగుల్ని మన కథలకు అలవాటు చేశారు.

నీ పాత్ర నెల తిరక్కుండా ఆఫీసుకెళ్లి లెక్కలు చూడటమూ నమ్మలేను. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో, ఐసీయూ నుంచి బయటపడిన మూడు నెలలకి 40 శాతం మందికి ఆలోచనాశక్తి పరీక్షల్లో తలకు ఓ మోస్తరు దెబ్బ తగిలినవాళ్ల స్థాయి మార్కులే వచ్చాయి. డెలీరియం ఎక్కువ రోజులు సాగినవాళ్ల పరిస్థితి మరీ అధ్వానం. వయసులో ఉన్నవాళ్లకీ మినహాయింపు లేదు. ఒక వరస కూడి, మధ్యలో తప్పి, మళ్లీ పైనుంచి మొదలుపెట్టే మనిషిని చూపించు.

పత్రికల చిరునామాలు అడిగావు, ఆ సంగతి తరవాత. ముందు కూతురికి పని కల్పించు. స్వీడన్, నార్వే, డెన్మార్క్ లాంటి స్కాండినేవియా దేశాల ఐసీయూల్లో నర్సులూ ఇంటివాళ్లూ రోగి కోసం డైరీ రాసి ఉంచుతారు. 'ఇవాళ జ్వరం తగ్గింది. గొట్టం పీకబోయావు, అందుకే చేతులు కట్టారు' అని. కోలుకున్నాక అతనికిస్తారు. ఆమె చేత అలాంటిది రాయించు. తండ్రి దాన్ని చదివాక కూడా ఆమెతో వాదించాలి. ఆ వాదన రాసి నాకు పంపు.