ఆవిడ చేతులెత్తి ఆరాధిస్తే మీకెందుకు ఇబ్బంది?

ప్రశ్న: మాది సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) క్రైస్తవ కుటుంబం. కీర్తనల పుస్తకం పట్టుకుని పాడటం, తలవంచి ప్రార్థించడం, అంతే మాకు అలవాటు. మా ఆవిడ పెంతెకొస్తు సంఘంలో పెరిగింది. పెళ్లయి ఆరేళ్లు. ఆరాధనలో రెండు చేతులూ ఎత్తి, గట్టిగా ఏడుస్తూ స్తుతిస్తుంది. మొన్న ఉజ్జీవ కూటాలకు (భక్తిని రగిలించే ప్రత్యేక ప్రార్థన సభలు) మా ఆఫీసు వాళ్లు కూడా వచ్చారు, నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక 'అంతా షో' అన్నాను. 'మీది చల్లారిపోయిన భక్తి' అంది. ఇప్పుడు చర్చికే రానంటోంది. తప్పెవరిది?

జవాబు: ఆరేళ్లుగా ఆవిడ అలాగే ఆరాధిస్తోంది కదండీ, మరి ఆఫీసు వాళ్లు వచ్చిన రోజే అది షో ఎందుకయింది? మీ బాధ ఆవిడ భక్తి గురించి కాదు, మీ పరువు గురించి.

బైబిల్లో, దేవుడి నిబంధన పెట్టె అయిన మందసం యెరూషలేముకు వస్తుంటే దావీదు రాజు ఒళ్లు మరిచి నాట్యమాడాడు, ఆయన భార్య మీకాలు కిటికీలోంచి చూసి మనసులో చీదరించుకుంది. తర్వాత ఆమె అన్న మాటల్లో దేవుడి ఊసే లేదు, పనికత్తెల ముందు రాజు పలచనయ్యాడన్నదే గొడవ. (ఆమెనూ పూర్తిగా తప్పుపట్టలేను. ఒకప్పుడు అదే మనిషిని కిటికీలోంచి దింపి ప్రాణం కాపాడిన భార్య, తర్వాత తండ్రి ఆమెను ఇంకొకరికి ఇచ్చేశాడు, దావీదు మళ్లీ రప్పించుకున్నాడు, ఆమె మనసు ఎవరూ అడగలేదు.) భార్యాభర్తల మధ్య పాత నొప్పేదైనా మిగిలిపోతే ఒక్కోసారి ఇలా భక్తి మీద పెట్టి బయటికొస్తుంది, మీ ఇంట్లో అలాంటిదుందేమో ఆలోచించండి.

ఆవిడ అన్నదీ న్యాయం కాదు. బైబిల్లోనే హన్నా అనే ఆవిడ పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థిస్తుంటే, గొంతు వినబడక, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడైన ఏలీ. కానీ ఆమె తన బాధ చెప్పుకోగానే మొండికేయకుండా, క్షేమంగా వెళ్లమని దీవించాడు. మీ ఇద్దరికీ కావలసింది అదే.

చావింట్లో ఒకరు గుండెలు బాదుకుని ఏడుస్తారు, ఇంకొకరు గోడకి ఆనుకుని గుటకలు మింగుతూ కూర్చుంటారు, ఎవరి దుఃఖం ఎక్కువో మనం కొలవగలమా? స్వభావం కొంత, పెంపకం కొంత. ఆవిడ చిన్నప్పటి నుంచీ డోలక్ మోతలో, చప్పట్లలో ప్రార్థన నేర్చుకుంది, మీరు నిశ్శబ్దంలో నేర్చుకున్నారు.

ముందు మీరే వెళ్లి 'షో అనడం నా తప్పు' అనండి, దాని వెనక 'కానీ నువ్వు...' అని తగిలించకండి. రెండ్రోజులాగి మీ ఇబ్బంది కూడా చెప్పండి, నలుగురిలో పెద్ద గొంతు వింటే ముడుచుకుపోయే మనిషినని. ప్రార్థనలో ఏడుపు ఎందుకొస్తుందో అడగండి, పరీక్ష పెట్టినట్టు కాకుండా, తెలుసుకోవాలని. ఆవిడ మళ్లీ వచ్చిన ఆదివారం, మగవాళ్ల వైపు కూర్చుని ఆడవాళ్ల వైపు కనిపెడుతూ ఉండకండి, మీ పాట మీరు పాడుకోండి. చేతులెత్తమని ఆవిడ మిమ్మల్ని బలవంతపెట్టకూడదు, దించమని మీరూ అనకూడదు.

భక్తి పేరుతో మందులు మానేయడం, పిల్లల ఫీజు డబ్బులు కానుకల్లో వేసేయడం లాంటివి జరుగుతుంటే అది వేరే సంగతి, అప్పుడు గట్టిగా మాట్లాడాల్సిందే. మీ ఉత్తరంలో అలాంటిదేమీ నాకు కనబడలేదు.