డ్యూటీకి గాజులు తీసి వెళ్లమ్మా

చిట్టీ,

పలాసలో డయాలసిస్ యూనిట్‌లో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మన ఉద్దానం కిడ్నీ రోగులే నీ చేతికి వస్తారు. చాలా సంతోషంగా ఉందమ్మా. పెళ్లయి మూడు నెలలు కాకుండానే గాజులు తీస్తానంటే అత్తగారు ఒప్పుకోవడం లేదని ఏడ్చావట. అందుకే ఈ ఉత్తరం.

నాకూ నర్సుగా చేరిన కొత్తలో ఇదే గొడవ. రెండు చేతులకూ మట్టిగాజులు వేసుకునే డ్యూటీకి వెళ్లేదాన్ని. ఒక రాత్రి పక్షవాతం వచ్చిన ముసలమ్మను పక్కకు తిప్పుతుంటే మంచం ఊచకు తగిలి ఒక గాజు చిట్లింది. ముక్కలన్నీ ఏరేశాననుకున్నాను. తెల్లారి దుప్పటి మారుస్తుంటే ఆమె నడుము కింద రూపాయి బిళ్లంత రక్తం మరక. చూస్తే గోరంత పెంకు చర్మంలో దిగి ఉంది. ఆ వైపు స్పర్శ లేదు, పాపం, ఆమెకు తెలియనే తెలియదు. ఆ మరక ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. మర్నాటి నుంచి డ్యూటీలో గాజు వేయలేదు.

నీ దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫిస్టులాకి, అంటే డయాలసిస్ కోసం చేతిలో కలిపి కుట్టిన రక్తనాళానికి, రెండు సూదులు పెట్టి నాలుగు గంటలు ఉంచుతారు కదా. నీ గాజుకు ట్యూబు తగులుకుని సూది ఊడిందంటే నిమిషాల్లో ఎంత రక్తం పోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు. పైగా గాజులు, ఉంగరాలు ఉంటే చేతులు ఎంత రుద్దినా మణికట్టు శుభ్రపడదు. ఇంగ్లండ్‌లో 2007లోనే ఆస్పత్రి సిబ్బందికి మోచేతి కింద గాజులు, చేతి వాచీ ఉండకూడదని చెప్పేశారు. నువ్వు సెకన్ల ముల్లు ఉన్న వాచీ ఒకటి కొనుక్కుని ఛాతీ దగ్గర పిన్నుతో పెట్టుకో. మంగళసూత్రం తీయమని నేను చెప్పను. వంగినప్పుడు బయటికి జారకుండా లోపలికి వేసుకో.

మా రోజుల్లో తెల్లచీర, తలమీద టోపీ. టోపీ పోయిందని కొందరు బాధపడ్డారు గానీ నేను పడలేదు. చీర రోజూ ఉతికేవాళ్లం, టోపీని ఎవరూ ఉతికేవారు కాదు.

యూనిఫాం మీద రక్తం పడితే వెంటనే చన్నీళ్లలో జాడించు. వేడినీళ్లు పోస్తే మరక పట్టేస్తుంది. మరక పోయాక వేడినీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చెయ్యి. ఇంట్లోవాళ్ల బట్టలతో మాత్రం కలపకు. చెప్పులు వద్దు, ముందూ వెనకా మూసి ఉండే బూట్లే వేసుకో.

అత్తగారితో వాదన పెట్టుకోకు. ఆ ముసలమ్మ సంగతి చెప్పు. వెళ్లేటప్పుడు గాజులు ఆవిడ చేతికే ఇవ్వు. వచ్చి స్నానం చేశాక ఆవిడ చేతే తొడిగించుకో. మా అత్తగారు మొదటి వారం మొహం ముడుచుకున్నారు. ఆ తర్వాత, నేను గేటు తీసిన చప్పుడు వినగానే గాజుల పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టుకుని కూర్చునేవారు.

నీ పెద్దమ్మ