పాలు కాదమ్మా, వడ్డీ తగ్గించండి

ప్రశ్న: మాది హనుమకొండ. మావారు ప్రైవేటు సంస్థలో సూపర్‌వైజరు, చేతికి 36 వేలు వస్తుంది. నేను ఇంట్లో జాకెట్లు కుట్టి నెలకు సగటున 5 వేలు సంపాదిస్తాను. బాబు ఎనిమిదో తరగతి, పాప నాలుగు. పాపకు తొమ్మిదేళ్లు. అత్తగారికి 71 ఏళ్లు, బీపీ, షుగరు ఉన్నాయి. రెండేళ్ల కిందట మామగారి వైద్యానికి, ఆ తర్వాత కర్మలకు తెలిసినవారి దగ్గర మూడు రూపాయల వడ్డీకి లక్షన్నర తెచ్చాం. పోయిన జూన్‌లో బడి ఫీజు 48 వేలు క్రెడిట్ కార్డు మీద కట్టాం. ఇప్పుడు కార్డు బాకీ 42 వేలు. కాలనీలో ఒకావిడ దగ్గర లక్ష రూపాయల చిట్టీ వేశాను. ఇరవై నెలల్లో పదమూడు కట్టాను, ఇంకా ఎత్తుకోలేదు. ఆరు తులాల బంగారం ఉంది. లీటరున్నర పాలను లీటరు చేశాను, పేపరు మాన్పించాను, పండ్లు తగ్గించాను. అయినా ఇరవయ్యో తేదీకి చేతిలో ఏమీ మిగలదు. నాకు పొదుపు చేతకాదని అత్తగారంటారు. ఇంకా ఎక్కడ తగ్గించాలో చెప్పండి. నెల ఖర్చుల కాగితం జతచేస్తున్నాను.
– ఒక గృహిణి

జవాబు: మీ కాగితం ముందు పెట్టుకునే రాస్తున్నానమ్మా. నోటుబుక్కు మధ్యలోంచి చించిన పేజీ. వెనక వైపు మీ పాప రాసుకున్న పదమూడో ఎక్కం కూడా ఉంది. ఖర్చులన్నీ ఓపికగా రాశారు కానీ కింద కూడిక వేయలేదు. వేయడానికి భయపడ్డారని నా అనుమానం. అందుకే ఆ పని నేను చేశాను.

అద్దె 9,000. బియ్యం, సరుకులు, పాలు, కూరగాయలు అన్నీ కలిపి 10,500. కరెంటు, గ్యాసు, ఫోన్లు 2,300. బడి వ్యాను, ట్యూషను 3,200. అత్తగారి మందులు 2,600. మీవారి పెట్రోలు 2,500. చేబదులు వడ్డీ 4,500. కార్డుకు 2,500. ఫ్రిజ్ వాయిదా 1,900. చిట్టీ 5,000. మొత్తం 44 వేలు. వచ్చేది 41 వేలు. అంటే బడి ఫీజు, బతుకమ్మకు బట్టలు, పెళ్లి చదివింపులు లెక్కలోకి రాకముందే నెలకు 3 వేలు తక్కువ. ఆ తక్కువంతా ఎక్కడికి పోతోందో మీకూ తెలుసు, కార్డు మీదికే.

ఇప్పుడు వంటింటి లెక్క చూద్దాం. 10,500ను ఐదుగురికి, ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు 70 రూపాయలు. పొద్దున టిఫిను, రెండు పూటల భోజనం, టీ అన్నీ అందులోనే. ఈ డబ్బుతో ఐదుగురికి వండిపెట్టే మనిషికి పొదుపు చేతకాదని ఎవరన్నా నేను ఒప్పుకోను. ఇంకా తగ్గించడానికి అక్కడేమీ లేదు. అరలీటరు పాలు మానితే నెలకు సుమారు 900 మిగులుతుంది. అలా ఐదు నెలలు మిగిల్చిన డబ్బు మొత్తం మూడు రూపాయల వడ్డీకి ఒక్క నెలలో పోతోంది.

నూటికి మూడు రూపాయలు అనగానే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి అది 36 శాతం. రెండేళ్లలో మీరు కట్టిన వడ్డీ లక్షా 8 వేలు. అసలు మాత్రం మొదటి రోజు ఎంతో ఇవాళా అంతే, లక్షన్నర. కార్డు సంగతీ ఇలాంటిదే. నెలకు మూడున్నర శాతం అనుకుంటే 42 వేల మీద 1,470 రూపాయల వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,735 దాకా అవుతుంది. మీరు కట్టే 2,500లో బాకీకి చేరేది 765 మాత్రమే. ‘కనీస చెల్లింపు’ కట్టేస్తున్నాం కదా అని మీవారు ధీమాగా ఉన్నట్టున్నారు. ఆ కనీసం కట్టినందువల్ల ఆలస్య రుసుము తప్పుతుందంతే, వడ్డీ తప్పదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు కూడా వర్తించదు. పెట్రోలు కొట్టించిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

కాబట్టి చేయాల్సినవి రెండు పనులు. రెండూ ఒకే వారంలో జరగాలి.

మొదటిది, వచ్చే పాటలో చిట్టీ ఎత్తుకోండి. పోయిన నెల 12 వేల తగ్గింపుకు పాట ముగిసిందని రాశారు. అదే రేటుకు మీకు దక్కినా 88 వేలు చేతికి వస్తాయి. చివరి నెల దాకా ఆగితే నిర్వాహకురాలి కమీషను 5 వేలు పోగా 95 వేలు వస్తాయి కదా అని మీ ఆశ. ఆ 7 వేల కోసం ఆరు నెలలు ఆగితే, ఈ 88 వేలతో తీర్చగలిగిన అప్పు మీద నెలకు 2,640 చొప్పున 15,840 వడ్డీ కడతారు. లెక్క బాగా తెలిసినవారు ఇక్కడ నన్ను పట్టుకోవచ్చు: అప్పంతా బంగారం మీద తక్కువ వడ్డీకి మార్చి, చిట్టీని చివరిదాకా ఉంచితే కాస్త లాభం కదా అని. కాగితం మీద నిజమే. కానీ మీ చిట్టీకి నమోదు లేదు. 1982 చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం నమోదైన చిట్టీ అయితే నిర్వాహకులు రిజిస్ట్రారు దగ్గర హామీ ఉంచాలి. కాలనీ చిట్టీకి ఆ పక్కింటావిడ మంచితనమే హామీ. ఆవిడ నిజంగా మంచిదే కావచ్చు. ఎత్తుకున్నవాళ్లలో ఇద్దరు ఎగ్గొడితే ఆవిడ మాత్రం ఏం చేయగలదు? మీ డబ్బు మీ చేతికి వస్తే నాకు నిశ్చింత. ఎత్తుకున్నాక మిగిలిన వాయిదాలు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకండి.

రెండోది, బంగారం. అప్పులు రెండూ కలిపి లక్షా 92 వేలు. చిట్టీ డబ్బు పోగా కావలసింది లక్షా 4 వేలు. ఇప్పటి ధరల్లో ఆరు తులాలూ కుదువ పెట్టనక్కర్లేదు, రెండు తులాలకు కాస్త అటూ ఇటూ చాలు. మెడలోవి తీయకండి, గాజులు పెట్టండి. బ్యాంకులో పదిశాతానికి అటూ ఇటూగా దొరుకుతుంది. లక్షా 4 వేల మీద అది నెలకు 870 లోపే. మధ్యలో ఎంత చేతికొస్తే అంత అసలుకు కట్టే వీలుందా అని తీసుకోకముందే అడగండి. ‘ఏడాది దాకా ఏమీ కట్టక్కర్లేదు’ అనే పథకం సుఖంగా కనిపిస్తుంది. ఏడాది చివర అసలూ వడ్డీ కలిసి ఒక్కసారి మీద పడితే అదే మెడకు చుట్టుకుంటుంది. వడ్డీ నెలనెలా కట్టేయండి. ‘మీ బంగారానికి ఇంకా ఎక్కువ వస్తుంది, తీసుకోండి’ అని కౌంటరులో తప్పకుండా అంటారు. లక్షా 4 వేలు దాటి ఒక్క రూపాయి వద్దు.

చేబదులు తీర్చే రోజు ఒట్టి చేతులతో తిరిగి రాకండి. మీవారు రాసిచ్చిన ప్రామిసరీ నోటు మీద పూర్తిగా ముట్టినట్టు చెల్లు రాయించి, సంతకం, తేదీ వేయించి, ఆ నోటు వెనక్కి తెచ్చుకోండి. హామీగా ఖాళీ చెక్కులిచ్చి ఉంటే అవి కూడా. అప్పు తీసుకుని మూడో ఏడు నడుస్తోంది. మూడేళ్లు నిండబోతుంటే నోటు తిరగరాయమంటారు, అప్పుడు మిగిలిన వడ్డీని కూడా అసలులో కలిపేయడం మామూలే. అంతదాకా రానివ్వకండి. డబ్బు నగదుగా కాకుండా బ్యాంకు ద్వారా పంపితే మరీ మంచిది.

ఇవి రెండూ అయ్యాక మీ కాగితం ఇలా మారుతుంది. 4,500, 2,500 పోతాయి, 870 వచ్చి చేరుతుంది. ఖర్చు 37,870. మూడు వేలు తక్కువ పడుతున్న ఇంట్లో మూడు వేల చిల్లర మిగులుతుంది. వంటింట్లో ఒక్క డబ్బా కూడా ముట్టుకోలేదు గమనించండి. ఆ మిగిలిన 3,130 బంగారం మీదికి వద్దు, బడి ఫీజుకు. 48 వేలను పన్నెండుతో భాగిస్తే నెలకు 4 వేలు. జూన్ ఏటా వస్తుంది, మనమే ఏటా ఉలిక్కిపడుతుంటాం. పోస్టాఫీసులోనో, మీవారి జీతం పడని మరో బ్యాంకులోనో ఖాతా తెరిచి జీతం వచ్చిన రోజే అందులోకి మార్చేయండి. ఆ ఖాతాకు ఏటీఎం కార్డు తీసుకోకండి. తక్కువపడే 870 ఎక్కడిదంటారా? మందుల్లోంచి వస్తుంది.

మీరు పంపిన మందుల బిల్లు చూశాను. షుగరుకు, బీపీకి ఏళ్లుగా వాడుతున్న మామూలు మాత్రలే, కంపెనీ పేర్లతో. డాక్టరును కలిసి మందు అసలు పేరు రాయించుకుని జన ఔషధి కేంద్రంలో కొనండి. అక్కడి ధరలు బ్రాండు మందులకంటే 50 నుంచి 90 శాతం తక్కువ. బీపీ, షుగరు మాత్రలు దగ్గర్లోని బస్తీ దవాఖానాలో ఉచితంగా కూడా ఇస్తారు. మీ అంతట మీరు మార్చకండి, డాక్టరుకు చూపించే మార్చండి. ఇంకొక మాట. డెబ్బై దాటిన వారికి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఉచిత వైద్యం అందించే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. అత్తగారికి 71. ఆధార్‌లో పుట్టిన తేదీ సరిగ్గా ఉందో లేదో చూసుకుని వెంటనే చేయించండి. మామగారి వైద్యంతో మొదలైన అప్పు కదా ఇదంతా. మళ్లీ ఆ దారిన వెళ్లకుండా ఉండాలి.

ఏడు నెలల్లో చిట్టీ తీరుతుంది. అప్పుడు ఖాళీ అయిన 5 వేలు బంగారం మీద కట్టండి, 21 నెలల్లో గాజులు విడిపించుకోవచ్చు. ఐదు నెలల తర్వాత తీరిపోయే ఫ్రిజ్ వాయిదా 1,900 మాత్రం అప్పుకు వద్దు. అందులో 900తో అరలీటరు పాలు మళ్లీ పెంచండి. ఎదిగే పిల్లలున్న ఇల్లది. మిగతా వెయ్యి అత్యవసరాలకు.

మీ కుట్టు సంపాదన గురించి కూడా చెప్పాలి. సగటున 5 వేలు అన్నారు. ఆషాఢంలో 2 వేలు, శ్రావణంలో, దసరా ముందు 9 వేలు వస్తుంటే సగటు అలా కనిపిస్తోంది. శ్రావణంలో ఎక్కువ వచ్చిన 4 వేలు ఆ నెల ఖర్చులోనే కరిగిపోతాయి, ఆషాఢంలో లోటు కార్డు మీదికి వెళుతుంది. నెలకు 5 వేలు మీ జీతం అనుకోండి. దానికి మించి వచ్చింది ఒక డబ్బాలో వేయండి, తక్కువ వచ్చిన నెల అందులోంచే తీసుకోండి. ‘తర్వాత ఇస్తా వదినా’ అన్నవాళ్ల దగ్గర 3,400 ఉండిపోయిందని రాశారు. ఇక నుంచి గుడ్డ తీసుకునేటప్పుడే సగం కూలి తీసుకోండి. మొహమాటంగా ఉంటుందని తెలుసు. లైనింగు గుడ్డ, దారం, హుక్కులు మీ డబ్బుతోనే కొంటున్నారు కదా, అందుకని చెప్పండి. నిజం చెప్పడానికి మొహమాటమెందుకు?

చదివింపులకు పోయిన ఏడాది 22 వేలట! ఇది చూసి కాసేపు కలం పక్కన పెట్టాను. మీ పెళ్లినాటి చదివింపుల పుస్తకం అత్తగారి పెట్టెలోనే ఉంటుంది, బయటికి తీయించండి. ఎవరు ఎంత పెట్టారో చూసి, కాలానికి తగ్గట్టు కాస్త కలిపి తిరిగి పెట్టండి. అది మర్యాద. ఆడబిడ్డ ఎంత పెట్టింది, తోడికోడలు ఎంత పెట్టింది అని చూసి పెంచుకుంటూ పోవడం మాత్రం వేలంపాట.

సరుకుల్లో కోతలు వద్దన్నాను కానీ కళ్లు మూసుకోమనలేదు. నూనె ప్యాకెట్లన్నీ ఒకే సైజులో కనిపిస్తాయి, బరువు మాత్రం ఒకటి 910 గ్రాములు, ఇంకొకటి 850. ప్యాకెట్ మీద మొత్తం ధర పక్కనే గ్రాముకో, కిలోకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది చదవండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకేమీ కాదు. ఏనుమాముల మార్కెట్‌కు కొత్త మిర్చి వచ్చే రోజుల్లో ఏడాదికి సరిపడా కొనడం మంచి అలవాటే, కానీ కార్డు మీద కొంటే ఆ చవకంతా వడ్డీకి పోతుంది. చేతిలో డబ్బుంటేనే. రైతుబజారుకు వెళ్లడానికి మీకు బస్సు చార్జీ ఎలాగూ లేదు. తక్కువ కరెంటు తినే కొత్త ఫ్యాన్లు కొనమంటారా అన్నారు. ఇప్పుడొద్దు. ఉన్నది పాడయ్యాక కొనండి.

పాప విషయం ఆలస్యం చేయకండి. పదో పుట్టినరోజు దాటితే సుకన్య సమృద్ధి ఖాతా తెరవడం కుదరదు. 250 రూపాయలతో తెరిచి, ఏటా 250 వేస్తూ ఖాతాను బతికించుకోండి. అప్పులు తీరాక పెంచుకోవచ్చు. ఏడాదికి 436 రూపాయల జీవిత బీమా, 20 రూపాయల ప్రమాద బీమా బ్యాంకు ఖాతా నుంచే కట్టుకోవచ్చు. మీరిద్దరూ తీసుకుంటే 912. ఒక్కొక్కటి రెండేసి లక్షలే, ఇంటికి ఆధారమైన మనిషికి అది చాలదు. బంగారం విడిపించిన వెంటనే మీవారి పేరిట పెద్ద మొత్తానికి టర్మ్ పాలసీ తీసుకోండి.

ఇక గాజులు కుదువ పెట్టిన సంగతి అత్తగారికి తెలియకుండా చేయవచ్చా అని అడిగారు. వద్దు. మీ కాగితం కింద నేను వేసిన కూడిక ఆవిడకు చదివి వినిపించండి, ముఖ్యంగా లక్షా 8 వేల వడ్డీ దగ్గర ఆగి. ఆ అప్పు ఎవరి కోసం తెచ్చారో ఆవిడకు గుర్తుంటుంది. బ్యాంకుకు వెళ్లే రోజు ఆవిడను కూడా తీసుకెళ్లండి, తిరిగి వచ్చేటప్పుడు వయ వందన కార్డు పని కూడా చూసుకోవచ్చు. మీ ఆధార్, పాన్, పాస్‌బుక్కు, రెండు ఫోటోలు, ఆవిడ ఆధార్, దానికి లింకైన ఫోను మర్చిపోకండి.