ఆవేశం ఉన్న కణాల మధ్య శక్తా? బలమా?

సందేహం: నేను ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. తెలుగు మీడియం పిల్లల నోట్సులో "ఆవేశ కణాల మధ్య స్థిర విద్యుత్ శక్తి పనిచేస్తుంది" అని రాశాను. మా తెలుగు మాస్టారు చూసి, "ఆవేశం అంటే కోపం, ఉద్రేకం. కణానికి ఆవేశమేమిటి? కనీసం విద్యుతావేశం అనైనా రాయండి" అన్నారు. నా వాక్యంలో తప్పులున్నాయా? అలాగే ఆ కణాలు "ఆకర్షిస్తాయి" అనాలా, "ఆకర్షించుకుంటాయి" అనాలా? – ఒక ఉపాధ్యాయిని

సమాధానం: మీ వాక్యంలో ముందుగా దిద్దవలసిన మాట ఆవేశం కాదు, శక్తి. మాస్టారి అభ్యంతరానికి తర్వాత వస్తాను.

మాట్లాడే తెలుగులో బలమూ శక్తీ దాదాపు ఒకటే. జ్వరం తగ్గి లేచినవాడు "ఒంట్లో బలం లేదు" అన్నా, "శక్తి లేదు" అన్నా మనకు తేడా తెలియదు. అందులో శక్తికి వాడుక మరీ ఎక్కువ. అమ్మవారు శక్తి, కొనుగోలుకు శక్తి, ఊహకు శక్తి. భూమి వస్తువుల్ని లాగడాన్ని కూడా అందరం గురుత్వాకర్షణ శక్తి అనే అంటాం. మాటల్లో ఎవరైనా అలా అంటే నేను తప్పు పట్టను. పాఠంలో మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే భౌతికశాస్త్రం ఈ రెండు మాటల్నీ విడదీసి దేని పని దానికి అప్పగించింది. తోసేదీ లాగేదీ బలం. పని చేయగలిగిన సత్తా శక్తి. బలానికి దిశ ఉంటుంది, శక్తికి ఉండదు.

ఇదేదో పట్టుదల కొద్దీ చెబుతున్న తేడా కాదు. మీ పాఠంలోనే లెక్క మారిపోతుంది. ఒకే రకం ఆవేశం ఉన్న రెండు కణాలు సెంటీమీటరు దూరంలో ఉన్నాయనుకోండి. వాటిని రెండు సెంటీమీటర్ల దూరానికి జరిపితే వాటి మధ్య బలం నాలుగో వంతుకు పడిపోతుంది. అవి ఉన్న స్థానాల వల్ల వాటికుండే శక్తి, అంటే స్థితిశక్తి, సగానికే తగ్గుతుంది. మూడు సెంటీమీటర్లకు జరిపితే బలం తొమ్మిదో వంతు, స్థితిశక్తి మూడో వంతు. "దూరం రెట్టింపైతే శక్తి ఎంతవుతుంది?" అని మీరు పరీక్షలో అడిగితే, సగం అని రాసిన పిల్లవాడిదే సరైన జవాబు. మీ మనసులో ఉన్నది బలం కాబట్టి మీరు వాడికి సున్నా వేస్తారు. తెలివైన పిల్లవాడికి మాట వల్ల మార్కులు పోవడం కంటే అన్యాయం ఏముంది?

1785లో ఫ్రాన్సులో కూలూమ్ అనే భౌతికశాస్త్రవేత్త కొలిచింది కూడా బలాన్నే. సన్నటి వెండి తీగకు ఒక పుల్లను అడ్డంగా వేలాడదీసి, దాని కొసకు బెండుతో చేసిన చిన్న ఉండను అమర్చాడు. పక్కనే కదలకుండా ఇంకో ఉండ. రెండింటికీ ఒకే రకం ఆవేశం ఇస్తే వేలాడే ఉండ దూరంగా జరిగి, తీగ మెలితిరిగి, 36 డిగ్రీల ఎడంలో నిలిచింది. అప్పుడు తీగలో ఉన్న మెలి కూడా 36 డిగ్రీలే. తర్వాత పైనుంచి తీగను తిప్పుతూ ఉండల మధ్య ఎడాన్ని 18 డిగ్రీలకు తెచ్చాడు. అందుకు మొత్తం 144 డిగ్రీల మెలి కావలసి వచ్చింది. ఎడం సగమైతే మెలి నాలుగింతలు. ఉండ తోసినంత గట్టిగా తీగ ఎదురు తోస్తోంది. ఆ తోపునే ఆయన డిగ్రీల్లో చదివాడు. దీనికి శక్తి అని పేరు పెడితే ఆయన చేసిన పనే అర్థం కాకుండా పోతుంది.

ఇక "స్థిర విద్యుత్ బలం" అని మూడు మాటలూ విడివిడిగా రాస్తే ఇంకో చిక్కు ఉంది. స్థిరమైనది విద్యుత్తా, బలమా? తీగలో పారకుండా ఒకచోట నిలిచి ఉన్నది కాబట్టి స్థిర విద్యుత్తు అన్నారు. కానీ స్థిరబలం అంటే భౌతికశాస్త్రంలో మారని బలం అనే అర్థం కూడా ఉంది. మనం చెబుతున్న బలమేమో దూరాన్ని బట్టి ఇంతింత మారుతోంది! అందుకే మొదటి రెండు మాటల్నీ కలిపి "స్థిరవిద్యుత్ బలం" అని రాయండి. ఏ మాట దేనికి విశేషణమో కంటికే కనిపిస్తుంది. సంధి చేసి "స్థిర విద్యుద్బలం" అన్నారంటే అపార్థం ఇంకా పెరుగుతుంది. వ్యాకరణం ఒప్పుకున్నంత మాత్రాన ప్రతిచోటా సంధి చేయనక్కర్లేదు.

ఇప్పుడు మాస్టారి మాట. ఆవేశం అంటే కోపమే అయితే ఆయన అభ్యంతరం న్యాయమే. కానీ కోపం ఆ మాటకు తర్వాత వచ్చిన అర్థం. "విశ్" అంటే ప్రవేశించడం. ప్రవేశం, నివేశనం, చివరికి మనం రోజూ వెళ్ళే సమావేశం కూడా ఆ ధాతువు నుంచి వచ్చినవే. ఆవేశం అంటే ఒకటి ఇంకొకదానిలోకి వచ్చి నిండడం. జాతరలో "అమ్మవారు ఆవేశించింది" అంటే పూనిందని అర్థం, కోప్పడిందని కాదు. భగవద్గీత రెండో అధ్యాయం మొదటి శ్లోకంలో అర్జునుణ్ణి "కృపయావిష్టం" అన్నారు. అతన్ని ఆవహించింది జాలి. జాలి నిండినా ఆవేశమే, కోపం నిండినా ఆవేశమే. వాడుకలో కోపానిదే పైచేయి అయింది, అంతే. కాబట్టి వస్తువులో విద్యుత్తు చేరి ఉండడాన్ని ఆవేశం అనడం మాటకు మొదటి నుంచీ ఉన్న అర్థంలోనే ఉంది. హిందీ పాఠ్యపుస్తకాల్లోనూ ఇదే మాట. ధాతువులో ఉన్నది శ కాబట్టి "ఆవేషం" అని రాయకూడదు. ఇది పిల్లల నోట్సుల్లో తరచు కనిపించే తప్పు.

"విద్యుతావేశం" మాత్రం సరికాదు. మాస్టారు తొందరలో అని ఉంటారు. జగత్, ఈశుడు కలిస్తే జగదీశుడు అయినట్టే, విద్యుత్, ఆవేశం కలిస్తే విద్యుదావేశం. త కారం ద కారమవుతుంది. విద్యుత్ పక్కన శక్తి వస్తే విద్యుచ్ఛక్తి. సంధి చేయడం ఇష్టం లేకపోతే విడదీసి "విద్యుత్ ఆవేశం" అనండి. ఆ పాఠంలో అన్నీ విద్యుత్తుకు సంబంధించినవే కాబట్టి ఒట్టి ఆవేశం అన్నా సరిపోతుంది.

"ఆవేశ కణాలు" కూడా మార్చాలి. అలా అంటే ఆవేశంతోనే తయారైన కణాలు అన్నట్టు వినిపిస్తుంది. పుస్తకాల్లో ఆవేశిత కణాలు అని ఉంటుంది. పుష్పిత, పల్లవిత, పులకిత లాంటి మాటల్లో చివర ఉన్న "ఇత"యే ఇక్కడా ఉంది. పూలు పుట్టినది పుష్పిత, ఆవేశం పుట్టినది ఆవేశిత. ఈ మాట దువ్వెనకు చక్కగా అతుకుతుంది. నూనె రాయని పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో నాలుగుసార్లు గబగబా దువ్వి, చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు చివ్వున లేచి అంటుకుంటాయి. ఓపిగ్గా చూస్తే, అంటుకున్న ముక్కల్లో ఒకటో రెండో కాసేపటికి దువ్వెన తన్నినట్టు ఎగిరి పడతాయి. దువ్వెన ఆవేశమే కొంత వాటికీ చేరింది కాబట్టి ఇప్పుడు వికర్షణ మొదలైంది. దువ్వెనకు గానీ, ఎగిరిపడిన ముక్కకు గానీ ముందు లేని ఆవేశం తర్వాత వచ్చింది. అందుకే అవి ఆవేశిత వస్తువులు. (చెట్టు జిగురు గట్టిపడి రాయిలా మారిన అంబరును రుద్దితే గడ్డిపోచలు అంటుకుంటాయని పూర్వులకూ తెలుసు. సంస్కృతంలో దాన్ని తృణమణి అన్నారు. గ్రీకులో ఎలక్ట్రాన్ అంటే ఆ అంబరే.)

ఎలక్ట్రాను సంగతి వేరు. దానికి ఆవేశం ఎవరూ ఇచ్చింది కాదు, తీసేయడం ఎవరి తరమూ కాదు. అందుకని నేనైతే పరమాణువుల పాఠంలో "ఆవేశం గల కణాలు" అని, రుద్దిన దువ్వెన, గాజుకడ్డీ దగ్గర "ఆవేశిత వస్తువులు" అని రాస్తాను. "ఆవేశిత కణాలు" స్థిరపడిపోయిన మాట కాబట్టి దాన్ని తప్పనను. మొత్తానికి మీ వాక్యం "ఆవేశం గల కణాల మధ్య స్థిరవిద్యుత్ బలం పనిచేస్తుంది" అని ఉంటే చాలు.

మీ చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే నచ్చింది. "ఆకర్షించుకుంటాయి" అనే రాయండి. తెలుగు క్రియకు "కొను" చేరితే కర్త తన కోసం చేసుకున్నాడని ఒక అర్థం: వండుకున్నాడు, రాసుకున్నాడు. కర్తలు ఇద్దరైనప్పుడు ఒకరినొకరు అనే అర్థం: కొట్టుకున్నారు, తిట్టుకున్నారు, చూసుకున్నారు. "ప్రోటాను ఎలక్ట్రానును ఆకర్షిస్తుంది" అంటే పిల్లలు లాగేది ప్రోటాను ఒక్కటే అనుకుంటారు. అది 1836 రెట్లు బరువైనది కాబట్టి గట్టిగా లాగుతుందని కూడా అనుకుంటారు. నిజానికి ప్రోటాను ఎంత బలంతో లాగుతుందో ఎలక్ట్రానూ దాన్ని అంతే బలంతో లాగుతుంది. తేలిక కాబట్టి ఎలక్ట్రాను ఎక్కువ కదులుతుంది, అంతే తేడా. "ఆకర్షించుకుంటాయి" అన్నారంటే లాగడం రెండు వైపులా ఉందని క్రియలోనే చెప్పేసినట్టు. "వికర్షించుకుంటాయి" కూడా అంతే. పిల్లలు మరీ చిన్నవాళ్ళైతే "ఒకదాన్నొకటి లాక్కుంటాయి, నెట్టుకుంటాయి" అని మొదలుపెట్టి, ఆ అర్థం పట్టుబడ్డాక పుస్తకంలోని మాటలు చెప్పండి.