క్యాంపుకు యౌవనస్థులను తీసుకెళ్తున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

ప్రభువు నామంలో వందనాలు.

ఈసారి కొండలెక్కడం, పడవ నడపడం ఉండే యౌవనస్థుల క్యాంపు బాధ్యత సంఘం నీకు అప్పగించిందని తెలిసి చాలా సంతోషించాను. నువ్వు పంపిన కార్యక్రమ పట్టిక శ్రద్ధగా చదివాను. తెల్లవారుజాము ప్రార్థన మొదలు అర్ధరాత్రి సాక్ష్యాల వరకు వారం మొత్తంలో ఒక్క గంట ఖాళీ లేదు. పిల్లలకు ఎంతో అందించాలన్న నీ ఆరాటం అందులో కనబడుతోంది. అయినా నా మొదటి సలహా ఇదే: అందులో సగం కొట్టేయి.

మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద పడుకుని ప్రాణం తీసెయ్యమని దేవుణ్ణి వేడుకున్నాడు కదా. అప్పుడు వచ్చిన దూత అతనికి ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. ఏలీయా నిప్పుల మీద కాల్చిన రొట్టె తిని, నీళ్లు తాగి మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి లేపి మళ్లీ తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుడు అతనితో మాట్లాడింది ఆ తర్వాతే. ఎదిగే వయసు పిల్లలకు రాత్రికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలంతా కొండలెక్కి, పడవ నడిపి వచ్చిన వాళ్లను సగం రాత్రి దాకా కూర్చోబెడితే వాక్యం చెవికెక్కదు, మర్నాడు తాడు మీద చెయ్యి పట్టు తప్పుతుంది. ఉదయం చిన్న ధ్యానం, సాయంత్రం ఒక్క సందేశం చాలు. మధ్యాహ్నం భోజనం తర్వాత కొంతసేపు ఏ కార్యక్రమమూ పెట్టకు. మూడో రోజుకు అందరికీ అలసట, చిరాకు వస్తాయి, గొడవలు మొదలయ్యేది అప్పుడే. ఆ రోజు ఇంకా తేలికగా ఉంచు.

ఇక అన్నిటికంటే నా మనసులో ఉన్న విషయం. తాళ్ల మీద నడిపించే క్యాంపుల వాళ్లు పాటించే ఒక పద్ధతి ఉంది. ఎంత ఎత్తు ఎక్కాలో, ఎక్కడ ఆగాలో ఎక్కేవాళ్లే నిర్ణయించుకుంటారు, పక్కవాళ్లు బలవంతం చేయరు. 1971లో అమెరికాలో మొదలైన ప్రాజెక్ట్ అడ్వెంచర్ సంస్థ ద్వారా ఇది చాలా చోట్లకు వ్యాపించింది. సంఘం పిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా పాటించాలి. ఎందుకంటే మన దగ్గర ధైర్యాన్ని విశ్వాసంతో ముడిపెట్టే అలవాటు ఉంది. అంచున నిలబడి వణుకుతున్న పిల్లవాడితో ఎవరో ఒకరు "నీకు విశ్వాసం లేదా? దేవుడు పట్టుకుంటాడు, దూకు" అంటారు. దేవాలయ శిఖరం మీద యేసును నిలబెట్టి, లేఖనం ఎత్తి చూపించి, దూతలు పట్టుకుంటారు దూకమన్నది సాతానని మత్తయి సువార్త 4వ అధ్యాయంలో చదివాం. ఆ మాట మన నోట రాకూడదు. నీ తోటి నాయకులందరికీ బయలుదేరే ముందే ఇది స్పష్టంగా చెప్పు.

ఒక క్యాంపులో నేను చూసింది చెబుతాను. ఎక్కే గోడ మీద ఒక అమ్మాయి మూడో మెట్టు దగ్గర ఆగిపోయింది. పట్టు పట్టిన వేళ్లు తెల్లబడ్డాయి, మోకాళ్లు గోడకు టకటకా కొట్టుకుంటున్నాయి. కింద అందరూ ఆమె పేరు పెట్టి అరుస్తున్నారు, ఎవరో పాట అందుకున్నారు. శిక్షకురాలు చెయ్యెత్తి అందరినీ ఆపింది. తర్వాత నెమ్మదిగా అడిగింది: "పైకి వెళ్తావా, కిందికి వస్తావా? ఏదైనా సరే." ఆ పిల్ల కిందికి వస్తానంది. దిగగానే శిక్షకురాలు ఆమె భుజం తట్టి, తర్వాత ఎక్కబోయేవాళ్ల రక్షణ తాడు చివర పట్టుకునే పని ఇచ్చింది. అది నామమాత్రపు పని కాదు. ముందు పట్టుకున్నవాళ్ల చేతిలోంచి తాడు జారితే ఆపేది వెనకవాళ్లే. ఆ సాయంత్రం వరకు ఆమె చూపు ఎక్కేవాళ్ల మీద నుంచి పక్కకు పోలేదు. వద్దన్న పిల్లవాడికి ఇలాంటి నిజమైన పని ఒకటి ముందే ఆలోచించి పెట్టుకో. గట్టు మీద ఊరికే కూర్చోబెడితే వాడికి అది శిక్షలా అనిపిస్తుంది. ఆ రాత్రి సందేశంలో ఎక్కినవాళ్లను ఉదాహరణగా చెప్పి చప్పట్లు కొట్టించకు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. శిక్షకులకు ఏ శిక్షణ ఉంది, దగ్గరి ఆసుపత్రి ఎంత దూరం, రాత్రిపూట వాహనం సిద్ధంగా ఉంటుందా అని క్యాంపు వాళ్లను డబ్బు కట్టకముందే అడుగు. విసుక్కుంటే వేరే చోటు చూసుకో. హార్నెస్ అంటే ఎక్కేవాళ్ల ఒంటికి బిగించే పట్టీల కట్టు, దాని నడుము పట్టీ తుంటి ఎముకలకు పైన ఉండాలి, కిందికి లాగినా జారకూడదు. తాడును హార్నెస్‌కు తగిలించే లోహపు కొక్కెం, అంటే కారబినర్, తాళం బిగించాక వేలితో నొక్కి చూడాలి, తెరుచుకోకూడదు. శిక్షకులు చూసినా సరే, పిల్లలు జంటలుగా ఒకరిది ఒకరు మళ్లీ చూసుకునేలా నేర్పు.

నీళ్ల దగ్గర నాకు భయం ఎక్కువ, నీకూ ఉండాలి. మునిగిపోయేవాళ్లు చేతులూపి కేకలు వేస్తారని అందరూ అనుకుంటారు. చాలాసార్లు శబ్దమే ఉండదు. తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, చూసేవాళ్లకు ఆడుకుంటున్నట్టే కనిపిస్తారు. అందుకే ఒడ్డున ఒక పెద్దమనిషి కేవలం చూస్తూ ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు, పక్కవాళ్లతో కబుర్లూ వద్దు. ఈత వచ్చు అన్నవాళ్లను కూడా లోతు లేని చోట పరీక్షించాకే లోపలికి పంపు. పడవలో అందరికీ సరిపోయే లైఫ్ జాకెట్, కట్లు బిగించి. ఉరుము వినబడితే వెంటనే నీళ్లలోంచి బయటికి రావాలి, గుట్ట మీది నుంచి దిగిపోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి, ఎంత బతిమాలినా సరే. ఎవరికైనా పాము కరిస్తే కొయ్యడం, కట్టడం, పీల్చడం ఏవీ చేయవద్దు. కదలకుండా పడుకోబెట్టి ఆసుపత్రికి చేర్చండి.

ప్రతి పిల్లవాడి మందులు, పడని పదార్థాలు, ఇంటి ఫోన్ నంబర్లు ఒక కాగితం మీద రాయించి తల్లిదండ్రుల సంతకం తీసుకో. ఒక ప్రతి నీ సంచిలో, ఇంకొకటి వేరే నాయకుడి దగ్గర ఉండాలి. బూట్లు, వర్షపు కోటు కొనలేని పిల్లలు ఉంటారు. వాళ్ల కోసం సంఘంలో ముందే సేకరించి, ఎవరికీ చెప్పకుండా అందించు.

ఏ పెద్దమనిషీ ఒక పిల్లవాడితో ఒంటరిగా, మూసిన గదిలో ఉండకూడదు. "మన సంఘంలో ఇవన్నీ ఎందుకు?" అని పెద్దలే అడగవచ్చు. వినకు. పిల్లలతో విడిగా మాట్లాడవలసి వస్తే నలుగురికీ కనిపించే చోట, మాట మాత్రం వినిపించనంత దూరంలో కూర్చో. ఇంట్లోనో బయటో తనకు జరుగుతున్న హాని గురించి ఏ పిల్ల అయినా చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకు. ఓపికగా విను, నమ్ము, "చెప్పి మంచి పని చేశావు" అను. ఆ రోజే చట్టప్రకారం చెప్పవలసిన వాళ్లకు చెప్పు. సంఘం పరువు అంటూ దాచిపెడితే ఆ పిల్లకు రెండోసారి అన్యాయం చేసినట్టే.

చివరి రాత్రి మంట దగ్గర జాగ్రత్త. వారం అలసట, చీకటి, పాట అన్నీ కలిసినప్పుడు పిల్లలు ఏడుస్తారు, పెద్ద పెద్ద తీర్మానాలు చేస్తారు. వాటిలో నిజమైనవి ఉంటాయి, కాదనను. కానీ నువ్వు తొందరపెట్టకు, చేతులు ఎత్తించి లెక్కపెట్టకు. ఎవరికైనా మాట్లాడాలని ఉంటే మర్నాడు పొద్దున, కడుపు నిండాక రమ్మను. మంట ఆర్పడం కూడా నీ పనే. నీళ్లు పోసి, బూడిద కలిపి, వేడి లేదని చేతితో చూసుకున్నాకే అక్కడి నుంచి కదలాలి.

తిరిగొచ్చాక ఆదివారం ఆరాధనలో అందరితో వరుసగా సాక్ష్యం చెప్పించకు, చెప్పాలనుకున్న ఇద్దరు ముగ్గురు చాలు. రాలేకపోయిన పిల్లలు అక్కడే కూర్చుని ఉంటారు. డబ్బు లేకో, ఇంట్లో ఒప్పుకోకో ఆగిపోయినవాళ్లు వాళ్లు. క్యాంపు కబుర్లూ, కొత్త ముద్దుపేర్లూ వాళ్లను బయటివాళ్లను చేసేస్తాయి. ఆ వారంలోనే వాళ్ల ఇళ్లకు వెళ్లు, క్యాంపుకు వచ్చినవాళ్లను ఒకరిద్దరిని వెంటబెట్టుకో.

మీ అందరి కోసం రోజూ ప్రార్థిస్తూ,
నీ అన్నయ్య