సీసాలో మంచు

ప్రశ్న: మినియాపోలిస్‌లో ఉంటున్నాం. పాప వాళ్ల టీచరుకి క్రిస్మస్ కానుకగా ఖాళీ జామ్ సీసాలో మంచు కురిసే బొమ్మ చేశాం. తళుకులు చిటికెలో అడుగున కూర్చుంటున్నాయి. ఏం చేయాలి?

జవాబు: ఉత్త నీళ్లలో అంతేనమ్మా. మందుల షాపులో దొరికే గ్లిజరిన్ రెండు చెంచాలు కలపండి, తీరిగ్గా దిగుతాయి. మరీ ఎక్కువైతే ఉండ కడతాయి. కుళాయి నీళ్లకన్నా డిస్టిల్డ్ వాటర్ మేలు. 1900 ప్రాంతంలో వియన్నాలో, ఇలాంటి మంచు గోళాలకు పేరుపడ్డ ఎర్విన్ పెర్జీ గాజు గోళంలో రవ్వ పోసి చూశాడట. మీరు మాత్రం ఉప్మా రవ్వ జోలికి పోకండి! లోపల పెట్టే బొమ్మను మూత లోపలివైపు ఎపాక్సీ జిగురుతో అతికించి, ఒక రోజంతా ఆరనివ్వండి. గ్లూ గన్‌తో అంటించింది నీళ్లలో ఊడొస్తుంది. ఇనుప తీగ ఉన్న బొమ్మ చెట్టు వద్దు, తుప్పు పడుతుంది. అన్నట్టు, మీ ఊరి చలిలో రాత్రంతా కారులో వదిలేయకండి. నీళ్లు గడ్డకట్టి సీసా పగులుతుంది.