మామయ్య లేని మొదటి క్రిస్మస్, పాప బాప్తిస్మం, మధ్యలో నేను

ప్రశ్న: మేడమ్, నాకు 34 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లె. మావారిది గుంటూరు, లూథరన్ క్రైస్తవ కుటుంబం. 9 ఏళ్ల కిందట రిజిస్టర్ పెళ్లి చేసుకున్నాం. ఎవరం మతం మారలేదు. పిల్లలు పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారని అప్పుడే అనుకున్నాం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం, పాపకి 7 ఏళ్లు. జూన్‌లో మామయ్యగారు పోయారు. అప్పట్నుంచి అత్తయ్య మా దగ్గరే ఉంటున్నారు. మామయ్య ఫొటోకి దండ వేసి దీపం పెడితే ఒక్క మాట కూడా అనకుండా తీసేశారు. ధనుర్మాసం మొదలయ్యాక గుమ్మం ముందు ముగ్గు వేస్తే పక్కనుంచి నడుస్తున్నారు, పొంగలి ముట్టడం లేదు. ఇప్పుడేమో పాపకి ఈ క్రిస్మస్‌కే బాప్తిస్మం ఇప్పించాలి, అది మామయ్య ఆఖరి కోరిక అంటున్నారు. మామయ్య ఉన్నప్పుడు నాతో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. అత్తయ్య రోజూ బైబిల్లోని రూతు కథ చెప్పి ‘అత్త దేవుడే నా దేవుడంది, అదీ కోడలంటే’ అంటారు. మా అమ్మేమో చావు జరిగిన ఇంట్లో ఏడాది దాకా పండగేంటి, ఆ నక్షత్రం కట్టకండి అంటుంది. మావారు ‘మీరిద్దరూ చూసుకోండి’ అని ల్యాప్‌టాప్ తెరుస్తారు. తాతయ్య పరలోకంలో ఉన్నాడా, మళ్లీ పుడతాడా, అసలు నేనేంటి అని పాప అడుగుతోంది. నాకు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నాను, ఇప్పుడు పాడబుద్ధి కూడా కావడం లేదు.

జవాబు: అమ్మా, పండక్కి వారం కూడా లేదు కాబట్టి ముందు తొందరగా చెప్పాల్సింది చెప్పేస్తాను. ఈ క్రిస్మస్‌కి పాపకి బాప్తిస్మం వద్దు. అలాగని ‘ఎప్పటికీ జరగదు’ అనే మాట కూడా మీ నోట రానివ్వకండి. ఇంట్లో మనిషి పోయి ఆరు నెలలైనా ఒక రకంగా నిన్నే పోయినట్టుంటుంది, ఇలాంటప్పుడు అంత పెద్ద నిర్ణయం తీసుకుంటే అది పాప కోసం తీసుకున్నది అవదు, ఎవరి బాధో చల్లార్చడానికి తీసుకున్నది అవుతుంది. తర్వాత ఆ బరువు పాప మోయాలి. కాబట్టి దాన్ని పక్కన పెట్టండి.

ఇప్పుడు అత్తయ్యగారి గురించి. మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు బాగా తగిలింది ఆ దండ, దీపం దగ్గర. మీరు ప్రేమతో పెట్టారు, మీ ఇంట్లో పోయినవాళ్లని గౌరవించే తీరు అదే. కానీ ఆవిడ పెరిగిన ఇంట్లో పోయినవాళ్ల ఫొటోకి దండ వేసి దీపం పెట్టడమంటే మనిషికి పూజ చేసినట్టు. భర్త ఫొటో ముందు అలా చూసేసరికి ఆయన నమ్మకాన్నే మార్చేసినట్టు అనిపించి ఉంటుంది. ఆవిడ మిమ్మల్ని తిట్టలేదు, నలుగురిలో అనలేదు, చప్పుడు చేయకుండా తీసేశారు. అది అవమానించడానికి చేసిన పని అని నాకు అనిపించడం లేదు. కోడలిని నొప్పించకుండా తన మనసుకి కష్టంగా ఉన్నదాన్ని ఎలా తీయాలో తెలియని మనిషి చేసే పనిలా ఉంది.

మరి వాళ్లు పోయినవాళ్లని గుర్తు చేసుకోరా అంటే, ఎందుకు చేసుకోరు! నవంబరు 2న సమాధుల పండుగ వస్తుంది, సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి అక్కడే కూర్చుని ప్రార్థన చేసుకుంటారు. మొన్న నవంబరులో మీరు గుంటూరు వెళ్లారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు. వెళ్లలేదని నా అనుమానం. సెలవు దొరికి ఉండదు, పాప స్కూలు ఉండి ఉంటుంది, ఆవిడ కూడా అడిగి ఉండరు, కొడుకింట్లో ఉన్న తల్లి అంత తేలిగ్గా ఏదీ అడగదు. భర్త పోయాక వచ్చిన మొదటి సమాధుల పండుగకి ఆయన దగ్గరికి వెళ్లకుండా హైదరాబాద్ ఫ్లాట్‌లో కూర్చున్నారంటే ఆవిడ మనసు ఎలా ఉండి ఉంటుందో ఆలోచించండి. మీ తెనాలి వైపు సంక్రాంతికి పెద్దలకి కొత్త బట్టలు పెట్టుకుంటారు కదా, ఆ ఒక్క ఏడు పెట్టడం కుదరకపోతే మీ అమ్మగారు ఎంత బాధపడేవారు? ఇదీ అంతే. క్రిస్మస్ అయిన మర్నాడో, ఆ తర్వాతి రోజో అందరూ కలిసి గుంటూరు వెళ్లండి. మీ చేత్తో బంతిపూలు తీసుకెళ్లి సమాధి మీద పెట్టండి. ఆ పూలని ఆవిడ తీసేయరు.

బాప్తిస్మం గురించి ఆవిడ ఎందుకంత పట్టుబడుతున్నారో కూడా మీకు తెలియాలి. బాప్టిస్టు సంఘాల్లో మనిషి ఎదిగి, తనే ఒప్పుకుని నీళ్లలో దిగితేనే బాప్తిస్మం. లూథరన్ ఇళ్లల్లో పసిబిడ్డలకే ఇప్పిస్తారు. అంటే ఆవిడ లెక్కలో పాపకి ఏడేళ్ల కిందటే జరగాల్సింది ఇంకా జరగలేదు. ఈ ఏడేళ్లూ భర్త పక్కన ఉండబట్టి మీ మాటకి విలువిచ్చి ఊరుకున్నారు. ఇప్పుడు ఆయన పోయారు. ఆయన్ని మళ్లీ చూస్తాననే ఆశ మీదే ఆవిడ పొద్దున లేస్తున్నారు, రాత్రి పడుకుంటున్నారు. ఆ చూసే చోట మనవరాలు ఉండదేమోనన్న భయం ఆవిడది. మీరు ఒప్పుకోనక్కర్లేదు, నేనూ ఒప్పుకోమనడం లేదు, కానీ అది మీ మీద పెత్తనం కోసం పుట్టిన పంతం అనుకుంటే మాత్రం పొరపాటు పడతారు.

ఆఖరి కోరిక సంగతి. అది నిజమా అని తవ్వకండి. మీతో అనని మాట భార్యతో అని ఉండవచ్చు, ఆసుపత్రి మంచం మీద మనుషులు ఎన్నో అనుకుంటారు. ఆవిడ దగ్గర కూర్చుని, ‘మామయ్య ఏమన్నారు అత్తయ్యా, ఎప్పుడన్నారు, చెప్పండి’ అని అడిగి చివరిదాకా వినండి. మధ్యలో జవాబు చెప్పకండి. పోయిన మనిషి కోరికని గౌరవంగా వినడం వేరు, దాన్ని ఆజ్ఞగా తీసుకోవడం వేరు. మొదటిది మీరు చేయాలి. రెండోది చేయాల్సిన పని లేదు.

ఇక రూతు కథ. ఆవిడ చెప్తున్నది తప్పు కాదు, ‘నీ జనమే నా జనము, నీ దేవుడే నా దేవుడు’ అని రూతు అన్న మాట బైబిల్లో ఉంది. కానీ ఆ అధ్యాయంలోనే, ఆ మాటకి ముందు, అత్తగారు నయోమి కోడళ్లిద్దరినీ మీ తల్లుల ఇళ్లకి తిరిగి వెళ్లమని ఒకటికి రెండుసార్లు చెప్తుంది. ఓర్పా అనే కోడలు ఏడ్చి, అత్తని ముద్దుపెట్టుకుని వెళ్లిపోతుంది, ఆమెని నయోమి ఒక్క మాట అనదు. రూతు ఉండిపోయింది తనంతట తాను. ఇంకో సంగతి, ఆ కథలో నయోమి భర్తనీ ఇద్దరు కొడుకులనీ పోగొట్టుకున్న మనిషి, ఊరికి తిరిగొచ్చాక నన్ను నయోమి అనకండి, మారా అనండి అంటుంది, చేదు అని ఆ పేరుకి అర్థం. మీ అత్తయ్య రోజూ ఆ కథే ఎందుకు తీస్తున్నారో నాకు ఇక్కడ తెలిసినట్టనిపించింది. ఆవిడ రూతు గురించి చెప్తున్నారు, మాట్లాడుతున్నది మాత్రం నయోమి. ‘నన్ను వదిలి వెళ్లనన్న కోడలు ఒకతె ఉంది’ అనేదే ఆవిడకి ఆ కథలో కావాల్సిన ముక్క అయి ఉంటుంది. దయచేసి ఈ వివరాలు పట్టుకుని ఆవిడతో వాదించకండి. ఒక సాయంత్రం ఆ అధ్యాయం మొత్తం చదివి వినిపించమని అడగండి, పక్కన కూర్చోండి, చాలు.

పొంగలి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. విగ్రహాలకి పెట్టినవి తినడం గురించి బైబిల్లో పౌలు కొరింథీయులకి రాసిన మొదటి ఉత్తరంలో చర్చ ఉంది, చాలామంది క్రైస్తవులు ప్రసాదం తీసుకోకపోవడానికి కారణం అదే, మీ వంట మీద కోపం కాదు. నైవేద్యం పెట్టక ముందే ఒక గిన్నెలో ఆవిడకి తీసి పెట్టి, ‘అత్తయ్యా, ఇది ముందే తీశాను’ అని చెప్పండి. రెండు మతాలున్న ఎన్నో ఇళ్లల్లో ఇలాగే నడుస్తుంది. ముగ్గు మీది, వేసుకోండి, మానకండి. ఆవిడ పక్కనుంచి నడిస్తే నడవనివ్వండి. తొక్కకుండా వెళ్తున్నారు కదా.

మీవారి మీద నాకు కొంచెం కోపం వచ్చింది, తర్వాత జాలి కూడా వచ్చింది. తండ్రి పోయిన కొడుకు ఆరు నెలలుగా ల్యాప్‌టాప్ వెనక దాక్కుంటున్నాడు. అయినా సరే, ఈ మాట చెప్పాల్సింది ఆయనే. కోడలు చెప్తే ‘వేరే మతం పిల్ల అడ్డుపడింది’ అవుతుంది, కొడుకు చెప్తే ఇంటి మాట అవుతుంది. ఆయనతో పోట్లాడకండి, ఏం చెప్పాలో ఇద్దరూ ముందే అనుకోండి. ‘అమ్మా, పాప విషయం నేనూ తనూ కలిసి తేల్చుకుంటాం. నాన్న పోయిన ఈ ఏడాదిలో కాదు. నీ మాట విన్నాను, మర్చిపోను.’ ఇంతే, ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ వద్దు. మీ ముందు కాకుండా, తల్లీకొడుకులు ఇద్దరే ఉన్నప్పుడు చెప్పమనండి. ఆయన అక్కడే ఏడ్చినా ఏడుస్తారు, అది కూడా మంచిదే.

ఒక మాట మిమ్మల్ని కూడా అనాలి. పిల్లలు పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకుంటారు అని పెళ్లికి ముందు అనుకున్నారు. మంచి మాటే, కానీ పెద్దయ్యేదాకా ఏంటి అన్నది మీరిద్దరూ ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకున్నట్టు లేదు. ఏడేళ్ల పిల్ల ‘నేనేంటి’ అని అడిగితే పద్ధెనిమిదేళ్లు వచ్చాక చెప్తాం అనలేం కదా. నా అభిప్రాయం అడిగితే, పాపకి రెండూ నిండుగా తెలియాలి. ఆదివారం నాయనమ్మతో చర్చికి వెళ్లనివ్వండి, 24 రాత్రి క్యారల్స్ పాడనివ్వండి, 31 రాత్రి ఆరాధనకి మేలుకుని ఉండగలిగితే ఉండనివ్వండి. భోగి నాడు మీ అమ్మగారు పోసే భోగిపళ్లూ అంతే, రేగిపళ్లు, చిల్లర నాణేలు, శనగలు, పూలరెక్కలు తల మీద రాలుతుంటే ఆ పిల్ల నవ్వాలి. ఎవరి ఎదుటా ఇంకొకరిని తక్కువ చేసే మాట మాత్రం ఆ పిల్ల చెవిన పడకూడదు. ‘నేనేంటి’ అంటే, ‘నాన్న వాళ్లింట్లో ప్రార్థన చేస్తారు, అమ్మ వాళ్లింట్లో పూజ చేస్తారు, రెండిళ్లూ నీవే’ అనండి. తాతయ్య గురించి అడిగితే మీకు తెలియనిది తెలిసినట్టు చెప్పకండి. నాయనమ్మ ఇలా నమ్ముతుంది, అమ్మమ్మ అలా నమ్ముతుంది, తాతయ్య అంటే నాకూ బెంగగా ఉందమ్మా అని దగ్గరికి తీసుకోండి. పిల్లలు అడిగేది చాలాసార్లు ఆ మూడో ముక్క కోసమే.

మీ అమ్మగారి సంగతి. ఏడాది దాకా పండగ చేయకూడదన్నది మన ఇళ్ల ఆచారం, ఆవిడ మీ మేలు కోరే అన్నారు. కానీ అది అత్తయ్యగారి ఇంటి ఆచారం కాదు. మనిషి పోయిన ఇంట్లో కొత్త బట్టలు, హడావుడి తగ్గించుకుంటారేమో గానీ క్రిస్మస్ ఆరాధన మానరు, అది వాళ్లకి సంబరం కంటే ముందు దేవుడి పని. గుంటూరుకి లూథరన్ మిషనరీ హయ్యర్ వచ్చింది 1842లో. ఆ ఊళ్లో ఆ విశ్వాసం తరతరాలుగా ఉంది, ముత్తవ్వల నుంచి వచ్చిన ఇళ్లు ఎన్నో. మీ అమ్మగారికి ఫోన్‌లో ఇదంతా వివరించాల్సిన పని లేదు, ‘అమ్మా, పోయింది వాళ్ల మనిషి, ఈ ఏడు అత్తయ్య ఎలా అంటే అలా’ అనండి. సంక్రాంతికి మీరు తెనాలి వెళ్తారు, అక్కడ మీ అమ్మగారి మాటే నడుస్తుంది.

నక్షత్రం కట్టాలా వద్దా అని మీరూ మీ అమ్మగారూ అనుకుంటున్నారు, అత్తయ్యని అడిగారా? మా నాన్న పోయిన ఏడాది సంక్రాంతికి మేమంతా అమ్మకి బాధ కలుగుతుందని అరిసెల ఊసెత్తలేదు. కనుమ వెళ్లిపోయాక అమ్మ ఒక్క మాట అంది, ‘మీ నాన్నకి అరిసెలంటే ఇష్టమని మీకు గుర్తుందా’ అని. మేం ఆవిడ బాధ తగ్గిస్తున్నాం అనుకున్నాం, ఆవిడేమో మేం ఆయన్ని మర్చిపోయాం అనుకుంది. ఆ సంగతి నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అందుకే చెప్తున్నా, ఊహించకండి, అడగండి. కట్టమంటే పాపని భుజాలెక్కించుకుని మీవారు కట్టాలి. వద్దంటే అటక మీదే ఉంచండి.

మీరు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నానని ఉత్తరం చివర రాశారు, అది మళ్లీ మళ్లీ నా కళ్ల ముందుకొస్తోంది. వాళ్ల ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఎప్పుడైనా తెరిచి చూశారా? పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు 19వ శతాబ్దంలోనే మన రాగాల్లో, మన తాళాల్లో రాసినవి అందులో చాలా ఉన్నాయి, కీర్తన పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. అవి మీకు చదవడం వచ్చు. ఇన్నేళ్లూ కుటుంబ ప్రార్థనలో కీర్తన ఎత్తుకుంది ఎవరు, మామయ్యగారేనా? అయితే ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తుకోవడం లేదన్నమాట. 24 రాత్రి వంటపని అయ్యాక అత్తయ్య దగ్గర కూర్చుని, ఆయనకి ఏది ఇష్టమో అడిగి పేజీ తీయమనండి. నమ్మకం మారకుండానే పాట పాడవచ్చు. ఆ పుస్తకం గుంటూరు ఇంట్లోనే ఉండిపోయిందేమో, మీవారిని ఈ రాత్రే అడగండి.